కోడి వెన్నుపాము, నా ఘనకార్యం

పావురం వెన్నుపాము ఘనపరిమాణం ఎంతని మిమ్మల్ని ఎవరూ అడిగి ఉండరు. నన్ను అడిగారు. జీతమిచ్చి మరీ నాలుగేళ్ళపాటు అడిగారు. పావురానిది సరిగ్గానే చెప్పాను. కోడి దగ్గర తప్పాను. ఆ మధ్య ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు మా ఇంటికొచ్చి, మీ అనుభవంలోంచి నాలుగు మంచి మాటలు చెప్పండి అన్నారు. నాలుగు లేవు నాయనా, ఒకటే ఉంది, అదీ నాకు మంచిది కాదు అన్నాను. వాళ్ళ మొహాలు ఒక్కసారి విప్పారాయి. పెద్దవాళ్ళ తప్పులంటే పిల్లలకు ఎప్పుడూ ఆసక్తే. అందుకని రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. చచ్చిన జీవుల అవయవాలను మైనంలో పోతపోసి, పలచగా కోసి, రంగులద్ది, గాజుపలకల మీద అతికించడం నా పని. కోసే యంత్రాన్ని మైక్రోటోమ్ అంటారు. పిడి ఒకసారి తిప్పితే మైనపు దిమ్మ కాస్త ముందుకు జరిగి కత్తికి తగులుతుంది, ఉల్లిపొరకంటే పలచని పొర ఊడి కిందికి జారుతుంది. ఒక్కో తిప్పుకి దిమ్మ ఎంత జరగాలో డయల్ మీద పెట్టుకోవాలి. మేము పది మైక్రాన్లు పెట్టేవాళ్ళం, అంటే మిల్లీమీటరులో నూరో వంతు.

వణకని చెయ్యి అని ఆ రోజుల్లో నాకొక పేరుండేది. పొర చిరగకుండా, ముడత పడకుండా వంద పొరలు వరసగా రిబ్బనులా తీసేవాణ్ణి. చూడ్డానికి వేరే విభాగాల వాళ్ళు కూడా వచ్చేవారు. ఆ పేరు ఎవరు పెట్టారని మీరు అడగొచ్చు. మొదట అన్నది నేనే. తర్వాత నలుగురూ అన్నారు.

తొంభైల నడుమ మా ప్రొఫెసర్ గారికి పక్షుల వెన్నుపాము మీద ధ్యాస మళ్ళింది. ఆయన మంచి మనిషి, రిటైర్మెంటుకి దగ్గర పడుతున్నారు, పోయేలోగా చెప్పుకోదగ్గ పని ఒకటి చెయ్యాలని ఆశ. మనుషులకు వెన్నుపాము నడుము దగ్గరే ఆగిపోతుంది. పక్షికి తోక దాకా పోతుంది. రెక్కల నరాలు బయల్దేరే చోట ఒకసారి, కాళ్ళ నరాల చోట ఇంకోసారి లావెక్కుతుంది. మరి ఎగరడం మానేసిన కోడికి, రోజంతా ఎగిరే పావురానికి ఈ వెన్నుపాము పరిమాణంలో తేడా ఉంటుందా? శరీరం బరువుని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఉంటుందా? ఇదీ ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్న మీద పీహెచ్‌డీ చెయ్యడానికి ఒక అమ్మాయి చేరింది. సముద్రపొడ్డున జాలరిపేట పిల్ల. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. ఆ పేటలో డిగ్రీ దాటిన మొదటి ఆడపిల్ల. కాలేజీలో ఆచితూచి, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేది. ఇంటి భాష గుమ్మం బయట విడిచి వస్తుందని మేం గమనించేవాళ్ళం కాదు, ఆ పిల్ల భాషే అంత అనుకునేవాళ్ళం. నన్ను మాస్టారూ అని పిలిచేది. నా ఉద్యోగానికి ఆ పిలుపు చాలా పెద్దది. సరిచెయ్యాలని నాకెప్పుడూ తోచలేదు.

మొదట్లో వెన్నుపాముని నీళ్ళు పోసిన కొలజాడీలో వేసి, నీరు ఎంత పైకి లేచిందో చూద్దామన్నాను. పావురం వెన్నుపాము తడి దారంలా గాజుకి అతుక్కుపోయింది. నీరు లేచిందో లేదో చూడటానికి నేనూ ప్రొఫెసర్ గారూ చెరోవైపు వంగి చెరో అంకె చెప్పాం. దాంతో ఆ పద్ధతి కట్టిపెట్టాం. చివరికి ఖాయమైన పద్ధతి ఇది. వంజరం చేపను ముక్కలు కోసినట్టు వెన్నుపామును ఈ చివర నుంచి ఆ చివర దాకా పొరలుగా కొయ్యాలి. ప్రతి ఇరవయ్యో పొరనూ సూక్ష్మదర్శినిలో చూసి దాని వైశాల్యం కట్టాలి. వైశాల్యాలన్నీ కూడి, పొరల మధ్య దూరంతో గుణిస్తే ఘనపరిమాణం. కొయ్యడం నాది, కొలవడం ఆ అమ్మాయిది.

వెన్నెముకలోంచి వెన్నుపాముని తెగకుండా బయటికి తియ్యడం నాకు చేతకాలేదు. మూడు పావురాలు పాడుచేశాను. నాలుగోది ఆ అమ్మాయి తీసుకుని, చిన్న కత్తెరతో ఎముక పైకప్పుని ఒక్కొక్క పూస చొప్పున తుంచుకుంటూ పోయి, అరగంటలో మొత్తం తీసి పళ్ళెంలో పెట్టింది. ఇలాంటి వాటికి ఓపిక కావాలి కదమ్మా, అది నా దగ్గర నేర్చుకుంటున్నావు అన్నాను. ఆ అమ్మాయి నవ్వి కత్తెర కడగడానికి వెళ్ళింది.

కోళ్ళు పాతనగరంలో ఒక కోళ్ళ కొట్టు నుంచి వచ్చేవి. కొట్టు భాయ్‌కి మా పని చూస్తే జాలి. అన్నీ ఒకే వయసు కోళ్ళు కావాలి భాయ్ అని నేను పట్టుబడితే, వాటికి బర్త్ సర్టిఫికెట్లు కూడా తెమ్మంటారా సాబ్ అని అడిగాడు. అయినా వెతికి వెతికి ఒక ఈడువే ఇచ్చేవాడు.

పావురాలన్నీ కోయడం అయ్యాక మైక్రోటోమ్ పాడైంది. దిమ్మని ముందుకు జరిపే పళ్ళచక్రం అరిగి, పళ్ళు జారిపోతున్నాయి. కంపెనీకి రాస్తే ఆ మోడల్ ఆపేశాం, విడిభాగం విదేశం నుంచి రావాలి, ఏడాది పట్టవచ్చు అన్నారు. ప్రొఫెసర్ గారు దిగులుపడ్డారు. నేను పడలేదు. మా చెల్లెలి భర్త ఉక్కునగరంలో ఉండేవాడు, ఫిట్టరు. ఇనుముతో ఏదైనా చేసి పెట్టగలడని మా చుట్టాల్లో పేరు. ఆ పేరు పాపం అతను పెట్టుకున్నది కాదు.

అరిగిన చక్రం జేబులో వేసుకుని బస్సెక్కాను. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సెలవు రోజున స్నేహితుడి లేత్ షాపులో చేసి పెడతానన్నాడు. పది రోజుల్లో చేసి పంపించాడు. ఇత్తడి చక్రం, తళతళలాడుతోంది. బిగించి పిడి తిప్పితే పాతదానికంటే మెత్తగా నడిచింది. మొదటి రిబ్బను చూసి ప్రొఫెసర్ గారు నా భుజం తట్టి, విభాగం మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నారు. మన దగ్గర బుర్రలకు కొదవ లేదు, వాడేవాళ్ళే తక్కువ అని నేను లేచి చెప్పాను. మీటింగు మినిట్స్‌లో రాయించాను కూడా.

తర్వాతి ఏడాది కోళ్ళు కోశాను. ఫలితం వచ్చింది. కోడి వెన్నుపాము ఉండాల్సిన దానికంటే ఐదో వంతు తక్కువ. పది కోళ్ళలోనూ అదే వరస. ఎగరడం మానేస్తే వెన్నుపాము తగ్గిపోతుందని మేం కనిపెట్టినట్టయింది. ప్రొఫెసర్ గారు ఆ వారమంతా క్లాసులో పాఠం మానేసి ఇదే చెప్పారు. ఒక పెద్ద సభకి సారాంశం పంపడానికి కవరు సిద్ధం చేశారు. నేను టీ కొట్టు దగ్గర మనిషికొకసారి చెప్పాను.

అంతకు కొన్ని నెలల ముందు జరిగిన చిన్న విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. చిన్నదని అప్పట్లో నేననుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఒక మైనపు దిమ్మనూ తన నోటుపుస్తకాన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పొరల సంఖ్యని పది మైక్రాన్లతో హెచ్చవేసి చూస్తే పావురాల దిమ్మల పొడవుకి సరిపోతోంది, కోళ్ళకి సరిపోవడం లేదు, పది మిల్లీమీటర్ల దిమ్మలో వెయ్యి పొరలు రావాలి కదా, ఎనిమిది వందలే వస్తున్నాయి, ఎందుకు మాస్టారూ అంది.

నాకు తెలియదు. కానీ తెలియదు అనే మాట నా నోటికి అలవాటు లేదు. కణజాలం కుదించుకుపోతుందమ్మా, ష్రింకేజ్ అంటారు అన్నాను. కుదించుకుపోయేది మైనంలో పెట్టకముందు కదా, నేను కొలిచింది మైనంలో పెట్టాక కదా అని నెమ్మదిగా అడిగింది. అది చాలా మంచి ప్రశ్న. ఇప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. అప్పుడు మాత్రం కోపమొచ్చింది. కోడి కణజాలంలో కొవ్వెక్కువ, మన వైజాగ్ ఉక్కకి మైనం మెత్తబడి కత్తి కింద నొక్కుకుపోతుంది, ఇవన్నీ పుస్తకాల్లో ఉండవు, చేత్తో పట్టుకుంటే తెలుస్తాయి అని పావుగంట చెప్పాను. చెబుతున్న కొద్దీ నాకే నమ్మకం కుదిరింది. ఆ అమ్మాయి తల వంచుకుని అంతా రాసుకుంది. థీసిస్‌లో అది ఒక పేరా అయింది.

థీసిస్ ఇచ్చేముందు కమిటీ ఎదుట సెమినార్ ఇవ్వాలి. అది ఒక మంగళవారం. అంతకుముందు ఆదివారం మా చెల్లెలి కూతురికి ఓణీల వేడుకని ఉక్కునగరం వెళ్ళాను. భోజనాలయ్యాక క్వార్టరు వెనక నీడలో మంచం వేసుకుని, బావకి మా ఫలితం సంగతి చెప్పాను. అతని చక్రం వల్లే అది సాధ్యమైందని ఉదారంగా ఒప్పుకున్నాను. బావ సంతోషించాడు. మంచం మీద కాళ్ళు చాపుకుంటూ అన్నాడు.

"పళ్ళు తగ్గినా పనికొచ్చిందన్నమాట."

ఏ పళ్ళు అన్నాను.

"పాతదానికి రెండొందల యాబై ఉన్నాయి బావా. చక్రాన్ని అన్ని పళ్ళుగా ఇడగొట్టే ప్లేటు మావోడి షాపులో నేదు. అందుకని రెండొందలు ఏసీసాను. సీటీ రాసి చక్రం పెట్టెలోనే ఎట్టాను కదేటి."

పెట్టె నేను చూడలేదు. తళతళలాడే చక్రాన్ని చూశాను. చీటీ పెట్టెతో పాటు చెత్తలోకి పోయి ఉంటుంది. నా మొహం చూసి బావకి అనుమానమొచ్చింది. తప్పయిపోయిందేటి అని అడిగాడు. ఏం లేదులే అన్నాను. అతను మాత్రం మెల్లగా, నన్ను నొప్పించకూడదన్నట్టు, "నువ్వు కొలిసే మనిషివి కదా బావా. బిగించేముందు లెక్కెట్టుకుంటావనుకున్నాను," అన్నాడు.

బస్సులో తిరిగి వస్తూ లెక్క వేశాను. చక్రానికి రెండువందల యాభై పళ్ళున్నప్పుడు ఐదు పళ్ళు కదిలితే పది మైక్రాన్లు. రెండువందలే ఉంటే అవే ఐదు పళ్ళకి పన్నెండున్నర. అంటే నేను పది అనుకుని కోసిన ప్రతి పొరా పన్నెండున్నర మందం. దిమ్మలో వెయ్యి పొరలకు బదులు ఎనిమిది వందలు అందుకే వచ్చాయి. కోడికి ఐదో వంతు తగ్గిందీ అందుకే. తగ్గింది కోడికి కాదు. మా బావ చక్రంలో పళ్ళు తగ్గితే, నేను దాన్ని కోడి వీపుకి కట్టాను.

సోమవారం పొద్దున్నే మైక్రోటోమ్ మూత విప్పాను. ఒక పంటికి ఎర్ర సిరా చుక్క పెట్టి, సూదితో ఒక్కొక్కటే దాటిస్తూ లెక్కపెట్టాను. రెండువందలు. మళ్ళీ పెడితే రెండువందల ఒకటి. మూడోసారి రెండువందలు. మైక్రాన్లు కొలవడం వృత్తిగా పెట్టుకున్నవాడికి రెండువందల దాకా లెక్కించడం ఇంత కష్టమని అప్పుడే తెలిసింది.

ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. ప్రొఫెసర్ గారి గది దాకా రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి కిటికీ తలుపు సరిగ్గా పడుతోందా సార్ అని అడిగి వచ్చేశాను. రెండోసారి అదీ అడగలేదు. ఎవరికి తెలుస్తుంది అని ఒక ఆలోచన. థీసిస్ అట్ట కట్టుకుని లైబ్రరీలో పడుంటుంది, కోడికి పోయేదేముంది అని ఇంకో ఆలోచన. సాయంత్రం ఆ అమ్మాయి స్లైడ్ల పెట్టె నాకివ్వడానికి వచ్చింది. ప్రొజెక్టరు నడిపేది నేనే. రేపు మా అమ్మ కూడా వస్తానంటోంది మాస్టారూ, ఇంగ్లీషు అర్థం కాదని చెప్పినా వినడం లేదు అంది. రమ్మనమ్మా అన్నాను. ఇంకేదో అనబోయి, ప్రొజెక్టరు బల్బు కొత్తది వేశాను, భయం లేదు అన్నాను.

మంగళవారం పదకొండింటికి సెమినార్. హాలు కిటికీలకి నల్ల తెరలు వేశాం. ముందు వరసలో కమిటీ ముగ్గురు, పక్కన ప్రొఫెసర్ గారు. వెనక విద్యార్థులు. అందరికంటే వెనక ప్రొజెక్టరు దగ్గర నేను. నా పక్క కుర్చీలో ఆ అమ్మాయి తల్లి. ఉతికి మడత పెట్టిన నేతచీర కట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. ఆ అమ్మాయి బాగా మాట్లాడింది. అవునన్నట్టు కమిటీ పెద్దాయన రెండుసార్లు తల ఊపాడు.

పదకొండో స్లైడు పడింది. రెండు నిలువు గీతల బొమ్మ. పొడవుది పావురం, పొట్టిది కోడి. ఆ అమ్మాయి గొంతులో ఉత్సాహం వచ్చింది. తల్లి నా వైపు వంగి చిన్నగా అడిగింది.

"ఆ గీతలేటి బాబూ?"

పొడుగుది పావురం వెన్నుపాము, పొట్టిది కోడిది అని చెప్పాను.

"అది మా పిల్ల కనిపెట్టిందేనా?"

అవునంటే సరిపోయేది. ఒక్క మాట. పావుగంటసేపు మైనం మీద ఉపన్యాసం ఇచ్చిన నోటికి ఆ ఒక్క మాట రాలేదు.

ముందు నుంచి ఆ అమ్మాయి నెక్స్ట్ స్లైడ్ ప్లీజ్ అంది. నేను నొక్కలేదు. మళ్ళీ అంది. బల్బు వేడికి ప్రొజెక్టరు ఫ్యాను రొద చేస్తోంది. స్లైడు ఇరుక్కుందేమోనని ప్రొఫెసర్ గారు వెనక్కి తిరిగారు. తిరగేసి పెట్టావా ఏంటి అన్నారు.

"లేదండి, సరిగ్గానే పెట్టాను," అన్నాను. "బొమ్మే తప్పు."

ఎవరో నవ్వారు. నేను లైటు వెయ్యమన్నాను. లైటు వేశాక అంతమంది మొహాలు ఒకేసారి నా వైపు తిరగడం చూసి, ఆర్పేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. నిలబడి చెప్పాను. చక్రం అరిగింది, బావ చేత చేయించాను, పళ్ళు తగ్గాయి, నేను లెక్కపెట్టలేదు. ఇంతే. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు. కమిటీ పెద్దాయన, పొర పది మైక్రాన్లని మీకెవరు చెప్పారు అని అడిగాడు. డయల్ మీద రాసుంది సార్ అన్నాను. ఈసారి హాలంతా నవ్వింది. నవ్వనివాళ్ళు ముగ్గురు. ప్రొఫెసర్ గారు, ఆ అమ్మాయి, ఏం జరుగుతోందో తెలియని ఆమె తల్లి.

కమిటీ అరగంటలో తేల్చేసింది. అంకెల్ని సరిచేసి హెచ్చవేస్తే కుదరదు, చేత్తో కోసిన పళ్ళు అన్నీ సమానంగా ఉంటాయన్న భరోసా లేదు, కోళ్ళ పని మొత్తం మళ్ళీ సరైన యంత్రం మీద చెయ్యాలి అంది. ప్రొఫెసర్ గారు నన్ను గదికి పిలిచారు. పంపడానికి పెట్టుకున్న కవరు చించి బుట్టలో వేసి, నీకు థాంక్స్ చెప్పాలో తిట్టాలో తెలియడం లేదు, ముందు తిడతాను అన్నారు. ఆయన ఇంగ్లీషులో మాత్రమే తిట్టేవారు. పది నిమిషాలు తిట్టారు. సగం నాకు అర్థం కాలేదు, అర్థమైన సగం న్యాయంగానే ఉంది. థాంక్స్ మాట ఆ తర్వాత మరచిపోయారు. నేను గుర్తుచెయ్యలేదు.

ల్యాబుకి వచ్చేసరికి ఆ అమ్మాయి నా బల్ల దగ్గర నిలబడి ఉంది. తల్లిని ఆటో ఎక్కించి వచ్చిందట. నోటుపుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. వెయ్యి రావాలి, ఎనిమిది వందలే వచ్చాయి, ఎందుకు అని ఆ రోజు అడిగిన ప్రశ్న. కింద నేను చెప్పిందంతా. కొవ్వు, ఉక్క, మైనం. ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. చివర 'మాస్టారు చెప్పారు' అని రాసి గీత గీసింది.

"బావగారి సక్రానిది కాదు తప్పు," అంది. ఆ పిల్ల నోట ఆ భాష నేను వినడం అదే మొదటిసారి. "నాను అడిగాను కదా. దిమ్మ మీ బల్ల మీద ఎట్టి మరీ అడిగాను. తెల్దని సెప్తే మీకేటి పోయేది మాస్టారూ?"

నోటుపుస్తకం మూసి ఆ పిల్ల చేతికిచ్చాను. ఏం పోయేదో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ రోజు తెలియదన్నా ఆ అమ్మాయి నన్ను మాస్టారూ అనే పిలిచేది. యంత్రం మూత విప్పి ఇద్దరం చూసేవాళ్ళం. గంట పని. నా పావుగంట ఉపన్యాసం ఆ పిల్లకి ఏడాది ఖరీదైంది.

మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఫెలోషిప్ గడువు అయిపోతే పొద్దుటిపూట ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది. నాలుగో వారం కోళ్ళతో వచ్చింది. కొట్టు భాయ్‌కి సంగతంతా తెలిసిపోయినట్టుంది. ఈసారి సాబ్ పళ్ళు కూడా లెక్కపెట్టి పంపమంటారేమో, కోళ్ళకి పళ్ళుండవని చెప్పండి అని కబురు పెట్టాడు. ఆ కబురు ఆ అమ్మాయి మొహం కదలకుండా నాకు అప్పజెప్పింది. మేం మళ్ళీ మాట్లాడుకోవడం అలా మొదలైంది.

మా మైక్రోటోమ్‌కి అసలు చక్రం వచ్చేదాకా ఆగే వీల్లేదు. సీతమ్మధారలో ఒక క్లినిక్ ల్యాబు నడిపే డాక్టరమ్మ, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాకు పని ఉండదు, వచ్చి కోసుకోండి అంది. తొమ్మిది నెలలు దిమ్మల్ని ఐసు డబ్బాలో పెట్టుకుని రోజూ అక్కడికి వెళ్ళాను. రెండు గంటలు కోసి, మిగిలిన ముక్కల్నీ మర్నాటికి తెచ్చిన దిమ్మల్నీ అక్కడి ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు గంటల బస్సుకి తిరిగొచ్చేవాణ్ణి. ఆ అమ్మాయి పాఠాలయ్యాక అక్కడికి వచ్చి పొరలు తీసుకెళ్ళేది.

ఒకరోజు నాలుగింటికి ముందే వచ్చింది. కోడి నడుం దగ్గర వెన్నుపాము రెండుగా విచ్చుకుని మధ్యలో జిగురు ముద్ద ఉంటుంది. అది వెన్నుపాము లెక్కలోకి రాదు, వదిలెయ్యాలి. ఒక కోడికి ఆ ముద్ద ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎందుకలా ఉంది మాస్టారూ అని అడిగింది. నాకు అప్పటికప్పుడు రెండు కారణాలు తోచాయి, రెండూ బాగున్నాయి కూడా. మింగేశాను. తెలియదమ్మా, సార్‌ని అడుగుదాం అన్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ మాట అదే మొదటిసారి.

కొత్త ఫలితం వచ్చింది. చెప్పుకోవడానికి ఏమీ లేదు. మొత్తం పరిమాణంలో కోడికీ పావురానికీ బరువుని బట్టి ఉండాల్సిన తేడానే ఉంది. కోడికి కాళ్ళ దగ్గర, పావురానికి రెక్కల దగ్గర లావు కాస్త ఎక్కువ. అది ముందే అందరూ అనుకున్నది. గొప్ప ఆవిష్కరణ పోయి, వొట్టి నిజం మిగిలింది. ప్రొఫెసర్ గారు ఆ అంకెల కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టి, పోనీలే, ఇవైనా మనవే అన్నారు.

డిగ్రీ ఇచ్చేముందు బయటి ఊరి నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చాడు. అదే హాలు. ప్రొజెక్టరు దగ్గర మళ్ళీ నేనే. ఈసారి ఏ స్లైడు దగ్గరా ఆగకుండా నొక్కుకుంటూ పోయాను. థీసిస్‌లో పాత తప్పు గురించి ఆ అమ్మాయి దాచకుండా ఒక అధ్యాయం రాసింది. ఎగ్జామినర్ దాన్ని శ్రద్ధగా చదివినట్టున్నాడు. చివర్లో కళ్ళజోడు సవరించుకుని ఒక ప్రశ్న వేశాడు. మొదటి యంత్రం డయల్ చెప్పింది నమ్మి మోసపోయారు. రెండో యంత్రం నిజంగా పది మైక్రాన్లే కోసిందని మీకెలా తెలుసు?

నేను చూడలేదు. కంపెనీ యంత్రం, డాక్టరమ్మ యంత్రం, రోజూ రోగుల ముక్కలు కోసే యంత్రం అని గుడ్డిగా నమ్మాను. అంత జరిగాక కూడా మూత విప్పి చూడాలని తోచలేదు. ప్రొఫెసర్ గారు నా వైపు చూశారు. నేను ప్రొజెక్టరు వైపు చూశాను.

ఆ అమ్మాయి తడుముకోలేదు. సంచీలోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. ప్రతి రోజూ కొయ్యకముందు దిమ్మ పొడవు, కోశాక మిగిలిన ముక్క పొడవు స్క్రూగేజీతో కొలిచి రాశాను, తగ్గిన పొడవుని పొరల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పొర మందం తెలుస్తుంది అంది. తొమ్మిది నెలలు, ఒక్కరోజు తప్పకుండా. నేను నాలుగు గంటల బస్సెక్కాక ఫ్రిజ్‌లోంచి దిమ్మలు తీసి, ఆ రోజు మిగిలినవీ మర్నాడు కోయబోయేవీ కొలిచేదట. క్లినిక్‌లో అందరికీ తెలుసు. నాకు తప్ప.

"మీ టెక్నీషియన్ మీద మీకు నమ్మకం లేదా?" అని ఎగ్జామినర్ అడిగాడు.

"ఉంది సార్," అంది. "ముందుసారి ఆ నమ్మకంతోనే మునిగాం."

హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. నాకు చురుక్కుమనలేదని చెబితే అబద్ధం. ఎగ్జామినర్ పొరల సంఖ్య రాసిన నా రిజిస్టరు తెప్పించుకున్నాడు. ఆ అమ్మాయి పుస్తకం ఒక పక్కనా, నా రిజిస్టరు ఒక పక్కనా పెట్టుకుని, రెండింటి మీదా చెరో వేలు పెట్టి తేదీ తర్వాత తేదీ దిగుతూ పోయాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. ఆరో పేజీ దగ్గర తలెత్తి, అన్నీ సరిపోయాయి, ఒక్క పొర కూడా తేడా లేదు అన్నాడు.

నా పని నికార్సైనదని అప్పటిదాకా ఊరంతా చెప్పుకున్నది నేనొక్కణ్ణే. ఇంకొకరు కొలిచి చెప్పడం అదే మొదటిసారి.